పై పళ్ళ సెట్టు

ఇరవై రెండేళ్ళుగా ఆమె ఆ శిక్షణ కేంద్రంలో ఇంగ్లీషు మాట్లాడడం నేర్పుతోంది. క్లాసులో పుస్తకం తెరవదు. ఎవరు ఏ మాట తప్పు పలికినా ఒకటే ప్రశ్న: "నాలుక ఎక్కడుంది?" అందుకే అందరూ ఆమెను నాలుక మేడం అంటారు.

"మన ట అనేటప్పుడు నాలుక వెనక్కి మడుస్తాం. వాళ్ళు మడవరు. పై పళ్ళ వెనక చిగురు మీద చిన్న గట్టుంది చూడండి, అక్కడ నాలుక కొస తగిలించి వదిలేస్తారు. వైన్ కీ వ్యాన్ కీ మనం ఒకే వ రాస్తాం. వాళ్ళకవి రెండు వేరు. మొదటిదానికి పెదాలు గుండ్రంగా చుట్టాలి, పళ్ళు తగలకూడదు. రెండోదానికి కింది పెదవి మీద పై పళ్ళు ఆనించి ఊదాలి."

ఇలా చెప్పే మనిషికి చిగుళ్ళ జబ్బు చేసి పై పళ్ళన్నీ తీయించాల్సి వచ్చింది. ఇంటికి దగ్గరని అక్క చూపించిన డాక్టరే సెట్టు కట్టించాడు.

సెట్టుతో వెళ్ళిన మొదటిరోజు ఆమె ఇంగ్లీషులో అందర్నీ కూర్చోమంది. ఆ మాటలోని స కాస్తా ష అయి కూర్చుంది. ఆ మార్పుతో అది ఎంత పచ్చి బూతవుతుందో గదిలో అందరికీ తెలుసు. గది గొల్లున నవ్వింది. చెమటలు పట్టి ఫ్యాన్ వేయమంటే అది వ్యాన్ అని వినపడింది. వెనక బెంచీ వాడు "బయట ఆగుంది మేడం" అన్నాడు.

రెండు వారాలు చూసి డైరెక్టరు పిలిచాడు.

"కొన్నాళ్ళు రిసెప్షన్ లో కూర్చోండి మేడం. మీ పాత రికార్డింగులు ఉన్నాయిగా, వాటితో నడిపించేద్దాం."

"నా గొంతు క్లాసులోనూ, నేను గుమ్మం బయటానా?"

"తాత్కాలికమే మేడం."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. మరో వారం గడిచినా మాట బాగుపడకపోవడంతో డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన అద్దం చేతికిచ్చి, "ఎంత అందంగా కుదిరాయో చూడండి! పదేళ్ళు తగ్గిపోయారు" అన్నాడు.

"అందం కోసం రాలేదండీ. స రావడంలేదు. ఫ రావడంలేదు."

"నాలుకే మెల్లగా అలవాటు పడుతుంది."

"నాలుక సంగతి నాకు చెప్పకండి."

"అయినా ఈ వయసులో అంత స్పష్టంగా మాట్లాడమని ఎవరడుగుతారు మేడం?" అని నవ్వి, తర్వాతి పేషెంటును పిలిచాడు.

పళ్ళు పటపట కొరుకుదామన్నా అవి తనవి కావు. ఇంటికొచ్చి చెప్పుల్ని గోడకు తగిలేలా విడిచింది.

"సర్దుకుపోవే. నాకు నీ మాట అర్థమవుతూనే ఉందిగా" అంది అక్క.

"పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్నారు గానీ, కట్టించుకోవడానికి ఏ డాక్టరైతేనేం అని ఎవరూ అనలేదక్కా!"

అక్క ముఖం చిన్నబుచ్చుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ కోపంలోనే ఆమె సెట్టు పెట్టుకునే డబ్బా తీసి విసరబోయింది. మూత మీద, సెట్లు తయారుచేసే చోటి చిరునామా కనిపించింది.

వెతుక్కుంటూ వెళ్తే, అది ఒక మెడికల్ షాపు పైన ఇరుకు గది. మైనం వాసన. బల్ల నిండా పేషెంట్ల నోటి అచ్చులు, నంబర్లు వేసిన సుద్ద దవడలు. మోచేతుల దాకా తెల్లటి పొడి అంటిన మనిషి తలెత్తాడు. పళ్ళు చేసేది అతనే.

"పేషెంట్లు ఇక్కడికి రాకూడదమ్మా. డాక్టరుగారికి తెలిస్తే నన్ను తినేస్తారు."

"తినడానికి ఆయనకు పళ్ళున్నాయిగా!" అంటూ ఆమె సెట్టు తీసి రుమాల్లో పెట్టి అతని ముందుంచింది. "ఇది చేసింది మీరేనా?"

"నేనే. ఆయన పంపిన కొలత ప్రకారమే చేశాను." అతను ఒక చీటీ వెతికి తీశాడు. స్త్రీ, యాభై ఎనిమిది, పళ్ళ రంగు నంబరు. అంతే.

"నేనేం పని చేస్తానో రాయలేదా?"

"ఎవరూ రాయరమ్మా!" అతని గొంతూ లేచింది. "పద్నాలుగేళ్ళుగా పళ్ళు చేస్తున్నాను. నా దగ్గరికొచ్చేవి ఈ సుద్ద దవడలే. ఒక్కటన్నా నాతో మాట్లాడిందా? బాగుంటే పేరు ఆయనది, బాగోకపోతే తప్పు నాది."

తనలాగే మండిపోతున్న మనిషి ఒకడు దొరికాడు. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.

"పౌడరుందా?"

గ్లవ్స్ కోసం ఉంచిన డబ్బా ఇచ్చాడు. ఆమె సెట్టును తుడిచి ఆరబెట్టి, నాలుక తగిలే వైపు పౌడరు చల్లి, జాగ్రత్తగా నోట్లో పెట్టుకుని ఒక్కసారి స అని తీసేసింది. నాలుక తగిలిన చోట పొడి చెరిగిపోయింది.

"చూడండి. స అన్నప్పుడు నాలుక రెండు పక్కలా ఆనుకోవాలి. నడిమధ్య గాలి పోయే సన్నటి దారి మిగలాలి. ఇక్కడ ఆ దారి వెడల్పై వెనక్కి జరిగింది. ముందు భాగం మందంగా ఉండి నాలుకను వెనక్కి తోస్తోంది. ఇక ఫ కి పళ్ళ అంచు పెదవికి సుతారంగా తగలాలి, తడి ఆగి పొడి మొదలయ్యే గీత దగ్గర. ఇవి పొడుగై పెదవిలో దిగబడుతున్నాయి."

అతను పెన్సిలుతో గుర్తులు పెట్టాడు. అరగదీశాడు, కడిగిచ్చాడు. ఆమె పలికింది. మళ్ళీ పౌడరు, మళ్ళీ అరగదీత. నాలుగోసారి, "ఇంకా గీకితే పగులుతుందమ్మా" అన్నాడు.

"పగిలితే పగలనీయండి."

అయిదోసారి ఆమె సిక్స్ అంది. ఫ్యాన్ అంది. రెండూ గాజు గ్లాసు మీద చెంచాతో కొట్టినట్టు పలికాయి.

"మళ్ళీ అనండమ్మా" అన్నాడతను. ఆమె అంది. ముఖం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు ఆమె డైరెక్టరును అడగలేదు. తిన్నగా క్లాసుకు వెళ్ళి, తన పాత గొంతు వినిపిస్తున్న స్పీకరును ఆపేసి, అందర్నీ కూర్చోమంది. కూర్చున్నారు. డైరెక్టరు గుమ్మం దాకా వచ్చి, విని, వెళ్ళిపోయాడు.

వారం తర్వాత, పళ్ళు చేసే అతను ఫోన్ చేశాడు. జరిగింది సంబరంగా డాక్టరుకు చెప్పి, ఇకనుంచి చీటీలో పేషెంటు పని కూడా రాయమని అడిగాడట. "పేషెంటు నోటి జోలికి పోవడానికి నువ్వెవడివి?" అని ఆయన పని ఇవ్వడం మానేశాడట.

ఆమె అగ్గి మీద గుగ్గిలమైంది. క్లినిక్ కు వెళ్ళేసరికి ముందు గది నిండా జనం. డాక్టరు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"అతను పేషెంటును ముట్టుకోకూడదు మేడం. అది నియమం."

"ముట్టుకోలేదు. తీసిందీ నేనే, పెట్టుకున్నదీ నేనే. మీరు వినలేదు, అతను విన్నాడు. అతని తప్పల్లా అదేగా?"

"లోపల మాట్లాడుకుందాం రండి."

"ఇక్కడే మాట్లాడతాను. మూడు వారాలు నన్ను నలుగురిలో నవ్వులపాలు చేశారు. వయసైపోయింది, ఎవరు వింటారులే అనుకున్నారు!"

మూల కుర్చీలో ఒక ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "డాక్టరుగారూ, ఫోన్లో నా మాట మా మనవరాలికి అర్థం కావడంలేదని రెండుసార్లు చెప్పాను. అలవాటవుతుందన్నారు." పక్కనున్నావిడ "నాకూ అదే చెప్పారు" అంది. నలుగురూ తల తిప్పి డాక్టరు వంక చూశారు.

ఆయన మొహం కందగడ్డైంది. రిసెప్షన్ అమ్మాయితో, "అతనికి ఫోన్ చెయ్యి. రేపు వచ్చి ఈ ఇద్దరి సెట్లూ చూడమను. నా ఎదుటే" అన్నాడు.

క్షమించమని మాత్రం అనలేదు. ఆమె చరచరా మెట్లు దిగింది. అరిచినందువల్ల కోపం రవంత కూడా తగ్గలేదు. ఇంటి గుమ్మంలో అక్క ఎదురొచ్చి, ఏమైందని భయంభయంగా అడిగింది.

"అతని పని అతనికి దక్కింది" అంది ఆమె. "నీమీద అరిచాను, ఏమీ అనుకోకక్కా. ఆ డాక్టరు మీద మాత్రం ఇంకా అరవాల్సింది."