ఎడంచేతి మెలిక

నాగులమ్మ చేతి కజ్జికాయ నూనెలో విచ్చుకుందని నరసరావుపేట చుట్టుపక్కల ముప్పై ఏళ్ళలో ఎవరూ అనలేదు. అనే ధైర్యం కూడా ఎవరికీ లేదనుకోండి. పెళ్ళిళ్ళకు పిండివంటలు చేసే ఆడవాళ్ళ జట్టుకు ఆవిడే పెద్ద. ఎవరింట్లోనైనా పెళ్ళికూతురి సారె బుట్టలు ఆవిడ చూసి సరేనన్నాకే గడప దాటేవి. అలాంటి మనిషికి ముప్పాళ్ళ నుంచి దుర్గాప్రసాద్ ఫోన్ చేసి, తన చిన్నకూతురి పెళ్ళిలో డిమ్ సమ్ పెట్టాలన్నాడు.

"ఏందది బాబూ?"

"చైనావాళ్ళ వంటంట. పిల్ల పట్టుబట్టింది. మన కజ్జికాయ మాదిరే ఉంటదిలే. నువ్వు చేస్తానంటే సరే. లేకపోతే సారెతో కలిపి అంతా గుంటూరు వాళ్ళకే ఇచ్చేస్తా. వారంలో చెప్పు."

ఫోన్ పెట్టేశాక నాగులమ్మ లెక్క వేసుకుంది. ముప్పాళ్ళలో దుర్గాప్రసాద్ ఇల్లు చిన్నదేం కాదు. ఆ ఇల్లు ఏం చేస్తే చుట్టుపక్కల ఊళ్ళు అదే చేస్తాయి. ఆ పెళ్ళి గుంటూరుకు పోయిందంటే వెనకాలే మిగతావీ పోతాయి. జట్టులో ఎనిమిది మంది ఆడవాళ్ళు ఆవిడ మొహం చూసుకునే బతుకుతున్నారు. చెయ్యనంటే కుదరదు. చేస్తాననడానికి అదేమిటో కంటితో చూసిన పాపాన పోలేదు. మర్నాడే కోడలు పూర్ణిమను వెంటబెట్టుకొని బయల్దేరింది.

మొదట బస్టాండు దగ్గర ఏసీ హోటల్‌కు వెళ్ళారు. వెదురుబుట్టలో పెట్టి ఆరంటే ఆరు తెచ్చారు. పెళ్ళి పందిట్లో ఎంగిలి విస్తళ్ళలో ఇంతకంటే ఎక్కువే మిగిలిపోతాయని నాగులమ్మ పైకే అనేసింది. ఒకటి తీసి నోట్లో వేసుకుంది. కొబ్బరీ బెల్లమూ తగులుతాయని నాలుక ఎదురుచూస్తుంటే క్యాబేజీ తగిలింది. ఆ వెనకే వెల్లుల్లి.

"ఒసే పూర్ణిమా! ఇందులో కూర పెట్టారే!"

"అదే పెడతారు అత్తయ్యా."

"తీపి?"

"ఉండదు."

"నూనె?"

"ఉండదు. ఆవిరి మీద ఉడికిస్తారంతే."

నాగులమ్మ బిత్తరపోయింది. తీపి లేదు, నూనె లేదు, ఉడికిన మైదాపిండిలో క్యాబేజీ. దీనికోసమా ఈ చల్లటి గదులూ, ఈ మెత్తటి కుర్చీలూ! అయినా పనిమంతురాలు పనిమంతురాలే గనక రెండోదాన్ని నోట్లో వేసుకోకుండా వేళ్ళతో తిప్పి అంచు చూసింది. జట్టు వరసగా కూర్చుని కజ్జికాయలు మలుస్తున్నప్పుడు ఒకటి తీసి చూస్తే చాలు, అది ఎవరి చెయ్యో ఆవిడ చెప్పేస్తుంది. అంచున మెలికలు ఒకరివి దగ్గరగా, ఒకరివి ఎడంగా పడతాయి. కానీ ఎవరివైనా కుడివైపుకే వాలతాయి.

ఈ బుట్టలోవి ఎడమవైపుకు వాలి ఉన్నాయి.

నాగులమ్మ మిగిలిన ఐదింటినీ తిప్పి చూసింది. ఐదూ అంతే. ఆ మెలిక వేసే చెయ్యి తన జన్మలో ఒక్కటే చూసింది. లక్ష్మీతిరుపతమ్మది. ఆమెది ఎడంచేతివాటం.

ఇరవై ఏళ్ళు నాగులమ్మ పక్కపీట మీద కూర్చుని పనిచేసిన మనిషి లక్ష్మీతిరుపతమ్మ. మూడేళ్ళ కిందట ఇదే దుర్గాప్రసాద్ ఇంట్లో పెద్దకూతురి పెళ్ళప్పుడు, సారె కోసం మలిచిన కజ్జికాయలు నూనెలో పడీపడగానే నోళ్ళు తెరిచాయి. పూర్ణం మాడి, నూనె నల్లబడి, మంచివి కూడా కంపుకొట్టాయి. తెల్లవారితే పిల్ల అత్తారింటికి బయల్దేరాలి. ఆఖరికి మిఠాయికొట్టు నుంచి అట్టపెట్టెల్లో తెప్పించి పంపారు. మగపెళ్ళివారు అటు తిరిగి నవ్వారు. "ఎవరి చెయ్యి ఇది?" అని దుర్గాప్రసాద్ పందిరి అదిరేలా అరిచాడు. విచ్చుకున్నదానికి అంచెక్కడుంటుంది, చూసి చెప్పడానికి? నాగులమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తనది ఎలాగూ కాదు. "శుభకార్యంలో ఎడం చెయ్యి పెడితే ఇంతే బాబూ" అని పక్కపీట వైపు చూపించింది. ఆ మాట అందరికీ నచ్చింది. లక్ష్మీతిరుపతమ్మను మళ్ళీ గడప తొక్కవద్దన్నారు. ఆ తర్వాత ఏ ఇంటివాళ్ళూ పిలవలేదు. ఊరు విడిచిపోయిందనీ, మిరపకోతలకు వెళుతోందనీ ఎవరో అంటే నాగులమ్మ విని ఊరుకుంది.

"లే, ఇంకో హోటల్‌కు పోదాం" అంది నాగులమ్మ.

రెండోది పల్నాడు రోడ్డులో మేడమీద ఉన్న ఫ్యామిలీ రెస్టారెంటు. అక్కడ లోపల కోడికూర పెట్టారు. మెలిక మాత్రం ఎడమవైపే. మూడోచోట నూనెలో వేయించి, ఎర్రటి కారం పూసి తెచ్చారు. నాగులమ్మ ఆ కారమంతా చీరకొంగుతో తుడిచి మరీ చూసింది. పూర్ణిమ సిగ్గుతో చచ్చిపోయింది.

"అత్తయ్యా, జనం చూస్తన్నారు."

"చూడనీ. ఏమయ్యా, ఇయ్యి చేసేది ఎవరు?"

"మా మాస్టరు వేడిచేసి ఇస్తాడంతే అమ్మా" అన్నాడు వడ్డించే అతను. "సరుకు పొద్దున్నే సత్తెనపల్లి నుంచి బస్సుకొచ్చిద్ది. అక్కడ ఒకామె ఉంది, ఊళ్ళో హోటళ్ళన్నిటికీ ఆమే ఇచ్చిద్ది."

పనికిరాదని నాగులమ్మ వెళ్ళగొట్టిన చేతి వంటను నరసరావుపేట నరసరావుపేటంతా ఏసీ గదుల్లో కూర్చుని తింటోంది. తనకు తెలియకుండా! సంతోషించాలో ఏడవాలో అర్థం కాలేదు గానీ, నిజం చెప్పాలంటే ముందు కలిగింది అసూయే.

రెండు రోజులు ఇంట్లోనే మైదాపిండితో కుస్తీ పట్టమని కోడల్నీ, జట్టువాళ్ళనీ కూర్చోబెట్టింది. ఎవరికీ కుదరలేదు. మూడోరోజు హోటల్లో ఇంటి గుర్తులు అడిగి, ముఖం గంటు పెట్టుకుని కోడలితో సత్తెనపల్లి బస్సెక్కింది. దారి పొడుగునా జవాబులు కూడబలుక్కుంది. ఆమె ఇలా తిడితే తాను అలా అనాలి, తలుపు మొహాన వేస్తే ఇలా అనాలి. తీరా వెళ్ళేసరికి లక్ష్మీతిరుపతమ్మ వాకిట్లోకి చూసి, చేతి పిండి దులుపుకుని, "రా అక్కా, కూర్చో" అంది. నిన్న సాయంత్రం పని ముగించుకుని వెళ్ళిన మనిషితో అన్నట్టే అంది. కూడబలుక్కున్న జవాబులన్నీ నాగులమ్మ నోట్లోనే ఉండిపోయాయి.

వచ్చిన పని చెప్పింది. దుర్గాప్రసాద్ పేరు విన్నప్పుడు లక్ష్మీతిరుపతమ్మ ముఖం కొంచెం బిగుసుకుంది. అంతే.

"నేర్పుతా. దానికేముంది. ఇదుగో పిండి, నువ్వు పన్నెండు మలువు. నేను పన్నెండు మలుస్తా."

ఇద్దరూ మలిచారు. చూపుకు నాగులమ్మవే అందంగా ఉన్నాయి. ఇడ్లీపాత్రలో ఒక రేకులో అవీ, ఒక రేకులో ఇవీ పెట్టి మూతపెట్టారు. కాసేపటికి మూత తీస్తే లక్ష్మీతిరుపతమ్మవి పెట్టినవి పెట్టినట్టున్నాయి. నాగులమ్మవి పన్నెండూ నోళ్ళు తెరుచుకుని, లోపలి కూర బయటికి కక్కి ఉన్నాయి.

"పిండి గట్టిగా కలిపావే నువ్వు" అంది నాగులమ్మ.

"నువ్వే కలుపు."

కలిపింది. మలిచింది. మళ్ళీ పన్నెండూ విచ్చుకున్నాయి. పూర్ణిమ తల దించుకుంది. లక్ష్మీతిరుపతమ్మ దగ్గరకు జరిగి నాగులమ్మ కుడిచెయ్యి ఒళ్ళోకి తీసుకుంది.

"ఇటు చూడకు అక్కా. అటు గోడ వంక చూడు. బొటనవేలు నొక్కుతా, నొప్పెడితే చెప్పు."

నాగులమ్మ గోడ వంక చూస్తూ కూర్చుంది. ఎంతకీ ఏమీ లేదు.

"ఊఁ, నొక్కవే."

"నొక్కా గదా అక్కా."

నాగులమ్మ తల తిప్పి చూసింది. బొటనవేలి మీద లక్ష్మీతిరుపతమ్మ గోరు దిగి, ఎర్రటి గాటు పడి ఉంది. ఆ వేలు తనది కాదన్నట్టుంది.

"షుగర్ ఎప్పటి నుంచి?"

"ఆరేళ్ళు" అని పూర్ణిమ చెప్పింది.

"పట్టుపోయింది. నొక్కాననే అనుకుంటావు. అంచు అతుక్కోదు."

నాగులమ్మ ఆ వేలినే చూస్తూ ఉండిపోయింది. ముప్పాళ్ళ పెళ్ళి తర్వాత తాను చేత్తో మలిచిందే లేదు. పెద్దదాన్ని గదా అని అజమాయిషీ చేసింది, మరీ తప్పకపోతే చెక్క అచ్చుతో ఒత్తింది. చేత్తో మలవడం అదే ఆఖరు. అంటే ఆ రోజు...

"తిరుపతమ్మా, ముప్పాళ్ళలో విచ్చుకున్నయ్యి..."

"నీయే అక్కా."

"నీకు తెలుసా?"

"పక్కనే ఉన్నా గదా. నీ పళ్ళెంలోయి నూనెలో పడ్డప్పుడల్లా విచ్చుకుంటన్నయ్యి."

"మరి చెప్పలేదేందే!" అని అరిచింది నాగులమ్మ.

"చెబుదామనే లేచా. ఈలోపల నువ్వు నా ఎడంచెయ్యి చూపించావు. అంతమందీ నా చెయ్యి వంకే చూశారు. ఇంక నా మాట ఎవరు ఇంటారు?" లక్ష్మీతిరుపతమ్మ చెయ్యి వదిలేసింది. "చానా రోజులు నీ మీద కోపంగా ఉండేది. ఇప్పుడు కూడా ఉంది."

నాగులమ్మకు తల కొట్టేసినట్టయింది. ఇరవై ఏళ్ళు పక్కన కూర్చున్న మనిషిని నడిపందిట్లో నిలబెట్టి, చెయ్యని తప్పుకు కూడు తీసేసింది. పైగా మూడేళ్ళు హాయిగా నిద్రపోయింది. ఏడుపొచ్చింది గానీ ఏడ్చే హక్కు ఈ ఇంట్లో తనకు లేదనిపించింది. కోడలి వైపు చెయ్యి చాపింది.

"ఫోన్ చెయ్యవే దుర్గాప్రసాద్ బాబుకి. అందరికీ వినపడేటట్టు పెట్టు."

"చెప్పు నాగులమ్మా, ఏమైంది?" అన్నాడు దుర్గాప్రసాద్.

"బాబూ, మీ పెద్దమ్మాయి సారె పాడుచేసింది తిరుపతమ్మ కాదు. నేను. విచ్చుకున్నయ్యన్నీ నా చేతియ్యి. నాకు ఈ రోజే తెలిసింది."

పూర్ణిమ అత్తయ్య ముఖం చూసి భయపడింది. ఎనిమిది మంది కూడు ఆ ఫోన్‌లో ఉంది మరి.

"ఏంది నువ్వు చెప్పేది?" అన్నాడు దుర్గాప్రసాద్. "ఆమెని నేను అంతమందిలో ఎన్ని మాటలన్నా!"

"మీరు అడిగిన వంట నరసరావుపేట మొత్తానికి ఆమే చేస్తంది. నాకు చేతగాదు."

"సర్లే... ఆమెనే రమ్మను అయితే. ఆమె కింద మీ జట్టు చేసుద్ది. గుంటూరు వాళ్ళు వద్దులే."

లక్ష్మీతిరుపతమ్మ ఫోన్ అందుకోలేదు. పిండి చేతులతోనే నాగులమ్మకు మాత్రమే చెప్పినట్టు చెప్పింది.

"శ్రీదేవమ్మ గారిని వచ్చి బొట్టు పెట్టి పిలవమను. వంటకి కాదు, పెళ్ళికి. అప్పుడు వస్తా."

నాగులమ్మ నిర్ఘాంతపోయింది. శ్రీదేవి దుర్గాప్రసాద్ భార్య. ముప్పై ఏళ్ళలో వందల పెళ్ళిళ్ళకు పిండి పిసికింది నాగులమ్మ. వెనక వాకిట్లోంచి వెళ్ళింది, వెనక వాకిట్లోంచే వచ్చింది. పెళ్ళికి రమ్మని ఒక్క ఇల్లాలు కూడా తన నుదుట బొట్టు పెట్టలేదు. పెట్టలేదన్న సంగతే ఈ క్షణం దాకా తనకు తట్టలేదు.

"ఏమంటంది?" అని ఫోన్‌లో దుర్గాప్రసాద్ అడుగుతున్నాడు.

నాగులమ్మ ఫోన్ నోటి దగ్గరకు తెచ్చుకుంది.

"శ్రీదేవమ్మ గారిని వచ్చి పెళ్ళికి బొట్టు పెట్టి పిలవమంటంది బాబూ. నేనూ అదే అంటన్నా."