ఒకే గిన్నెలో కొండ

బళ్ళారి కౌల్ బజార్లో గుడ్డలమ్మే వంశంలో పుట్టి, గుట్టలు లెక్కగట్టిన మనిషి రాజగోపాలయ్య. సండూరు కొండల్లో గనులకు తవ్విన గట్టు ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ జారుతుందో చెప్పే ప్రోగ్రాం నలభై ఏళ్ల కిందట ఫోర్ట్రాన్ అనే కంప్యూటర్ భాషలో రాశాడు. బళ్ళారికి రెండు ఫోర్టులు, ఒకటి కొండమీద, ఒకటి మామయ్య కంప్యూటర్లో అంటుంది కోడలు వినూత.

కోడలి కోడ్ వేరు. ఆమె రాసేది హాస్కెల్ భాషలో. అందులో ఒకసారి పేరు పెట్టిన అంకె చచ్చినా మారదు. గని వాళ్ల కోసం ఆ కొత్త ప్రోగ్రాంలోంచి మామయ్య ఫోర్ట్రాన్‌ను పిలిచి పని చేయించాలి. పిలిచింది. మొదటిసారి జవాబు మామయ్య పాత లెక్కకు అచ్చు గుద్దినట్టు వచ్చింది. అవే అంకెలతో మళ్లీ పిలిస్తే, గట్టు గాల్లో తేలుతోందని చెప్పింది!

గని ఇంజనీరు వీరేష్ ఫోన్ చేశాడు. "సాకు మేడం. సాయంత్రానికి కుదరకపోతే ఆ ముసలి కోడ్ తీసి పారేద్దాం."

కన్నడంలో సాకంటే చాలు. తెలుగు సాకు ఒక్కటీ వినూత దగ్గర లేదు. ఎదురుగా కూర్చుని ఆ మాట విన్న రాజగోపాలయ్య పేపర్లో ఒకే పేజీని చాలాసేపు చదివాడు.

"నాదే తప్పేమో చూడమ్మా."

"మీది కాదు మామయ్యా. నేను పిలిచే తీరులోనే ఏందో ఉండాది."

వంటింట్లోంచి అత్త వాసవాంబ కేక వేసింది. "పక్కింటి మహాదేవి పొద్దున హోళిగె పంపిన గిన్నె ఇచ్చిరా పోమ్మా!"

వినూత ఆ బొబ్బట్ల గిన్నె కడిగి బయల్దేరింది.

"నిలువే! ఖాళీ గిన్నె ఇచ్చేదేంది? ఆమెది తిన్నాం గదా, మన ఉగ్గాని పెట్టి ఇయ్యి."

గిన్నెలో బొరుగుల ఉగ్గాని పడింది. వినూత గడపలోనే ఆగిపోయింది.

"మామయ్యా! నేనిచ్చే అంకెల్ని మీ ప్రోగ్రాం ఏం చేస్తాది?"

"ఏం చేస్తాది, తినేసి అదే చోట జవాబు పెడతాది. అప్పుడు మెషీన్లో చోటు యాడుండె తల్లీ? ఇంకో గిన్నె పెట్టేదానికి వీల్లేకుండె."

అయితే రెండోసారి తను పంపింది అంకెల్ని కాదు, మొదటి జవాబునే! హోళిగె అనుకుని ఉగ్గాని పంపింది. వినూత మామయ్యను కళ్లారా చూసింది. ఒక్క గిన్నెతో కొండను వండిన మనిషి!

పిలిచిన ప్రతిసారీ అంకెలకు నకలు తీసి, ఆ నకలునే పంపేలా మార్చింది. ఎన్నిసార్లు పిలిచినా ఒకటే జవాబు. గట్టు గట్టిగా నిలబడింది.

సాయంత్రం మళ్లీ ఫోన్ మోగింది. "సాకా మేడం?"

"చాలదప్పా వీరేషూ! ఇంకో నలభై ఏండ్లు ఉండాల ఈ కోడ్."

రాజగోపాలయ్య పేపరు మడిచాడు. చల్లారిన ఉగ్గాని గిన్నె తానే అందుకుని, చెప్పులు వేసుకుని, పక్కింటికి బయల్దేరాడు.