తెల్లగ కడిగిన స్పాంజి

బిడ్డ రేచల్‌ను బడి బస్సెక్కించి వచ్చి చూస్తే తొట్టిల రెండు చేపలూ నీళ్ల మీదికొచ్చి నోళ్లు తెరుస్తున్నయి. గాలి గొట్టంల బుడగలు వస్తనే ఉన్నయి. నీళ్లు మాత్రం బియ్యం కడిగిన కలి లెక్క తెల్లగైనయి.

మా బిడ్డ ఆ తొట్టి ముందట కూసుంటేనే తింటది. చేప మూతి ఆడిస్తే, ఇది ముద్ద మింగుతది. బరువు మస్తు తక్కువున్నదని మేడ్చల్ డాక్టరు మందలిచ్చినంక, ఈ చేపలొచ్చినయి గనుకనే పళ్లెం ఖాళీ అవుతాంది.

చేపల షాపాయన ఇచ్చిన, నీళ్లు పరీక్ష చేసే చుక్కల సీసా తీసిన. దాని మీదంతా ఇంగ్లీషు, నా చదువు ఎనిమిదో తరగతిల్నే ఆగింది. కానీ రంగు చూసుడు వస్తది గద. తొట్టి నీళ్లు గ్లాసుల పట్టి చుక్కలేస్తే పసుపుపచ్చగ ఉండాలె. ఉండంగ ఉండంగ ఆకుపచ్చగైంది. అమ్మోనియా. చేపల మురికి, మిగిలిన మేత కుళ్లితే పుట్టే విషం.

సుచిత్ర చౌరస్తా కాడి చేపల షాపు ప్రణయ్‌కు ఫోన్ చేసిన.

"అక్కా, ఫిల్టర్ల స్పాంజి ఏమన్న కడిగిన్రా?"

"లేదు తమ్మీ."

వెనుకనుంచి మా అత్తమ్మ ఎలీషమ్మ అందుకున్నది. "నేను కడిగిన. ఇంటి ప్రార్థన కూటానికి పాస్టరమ్మ వస్తుంటే గా పాచి గుడ్డ ఉంచుతనా? బ్లీచింగ్ ఏసి మల్లెపువ్వు లెక్క చేసిన."

ఫోన్ల ప్రణయ్‌కు ఆ మాట వినబడ్డది. "గా పాచిల్నే విషాన్ని తినే జీవులుంటయక్కా. అన్నీ సచ్చినయి. మేత బంద్ పెట్టుండ్రి. సగం నీళ్లు మార్చుండ్రి. నల్లా నీళ్లు వద్దు, క్లోరిన్ మందుకు ఇంకా జల్దీ పోతయి. మీ బోరు నీళ్లు సవుడు, క్షారం ఎక్కువ, అవి పోస్తే విషం ఇంకింత ఘాటైతది. నిలవ నీళ్లే పోయాలె. నా తొట్టిల నానిన స్పాంజి ఒకటి ఇస్త, వచ్చి తీస్కపోండ్రి."

నిలవ నీళ్లంటే డ్రమ్ముల పట్టి పెట్టిన తాగే నీళ్లే. నల్లా రేపటిదాక రాదు.

నేను బకెట్ తెచ్చేలోపు అత్తమ్మ పోయి డ్రమ్ము మూత మీద కూసున్నది.

"తాగే నీళ్లు చేపలకా? మనమేం తాగుదం, చెమటనా?"

నువ్వు కడిగినందుకే గద అని నోటిదాక వచ్చింది. మింగిన. "మరి పొద్దుమీకి రేచల్‌కు మీరే తినిపియ్యుండ్రి అత్తమ్మా."

పోయినసారి తినిపియ్యబోతే పిల్ల ఆమె చీర మీదనే ఉమ్మింది. ముసలామె లేచింది. "సరే, చేపలకు పొయ్యి. పప్పుకు రెండు చెంబులన్న ఉంచు."

సగం నీళ్లు తోడి మెల్లగ పోస్తుంటే చిన్న చేప పక్కకు ఒరిగింది. దాన్ని ఇడిసిపెట్టి నేను సుచిత్ర పోలేను. చెప్పుల చప్పుడైతే తిరిగి చూసిన. అత్తమ్మ చర్చి చీర కట్టుకొని గడప దాటుతాంది.

"స్పాంజి రంగేంది?"

"మట్టి రంగు. కడగొద్దు!"

"తెలిసిందిలే."

పొద్దు వంగినంక వచ్చింది, సంచిల కవరు, కవర్ల మురికి నీళ్లు, నీళ్లల్ల స్పాంజి. "బస్సుల ఒకామె ముక్కు మూసుకున్నది. మా మనుమరాలి మందమ్మా అని చెప్పిన." తనే వంగి ఫిల్టర్ల పెట్టింది. చెయ్యి చీరకు తుడుచుకోబోయి ఆగింది.

చుక్కలేసిన. ఇంకా ఆకుపచ్చనే, జరంత పలచబడ్డది. చిన్న చేప అడుగున నిలబడ్డది, నిలబడుడైతే నిలబడ్డది.

రేచల్ బడినుంచి వస్తనే మేత డబ్బ పట్టింది. అత్తమ్మ గుంజుకున్నది. "ఇయ్యాల అవి ఉపవాస ప్రార్థనల ఉన్నయి బిడ్డా."

"అయితే నేను గూడ ఉపవాసమే."

పళ్లెం పట్టుకొని నేను ఆడ్నే నిలబడ్డ. అత్తమ్మ మొఖం మాడింది, మళ్ల సదురుకున్నది. "చిన్నపిల్లలకు ఉపవాసం లేదే. వాటి కోసం ప్రార్థన చేసేటోళ్లకు బలం ఉండాలె. ఎవలు చేస్తరు మరి, మీ అమ్మనా? అదొట్టిగ వణుకుతది."

రేచల్ అద్దానికి ముక్కు ఆనించి చేప దవడలు కదులుతున్నయా లేదా అని చానసేపు చూసింది. నేను ముద్ద కలిపిన. పెద్ద చేప మూతి తెరిచింది.

"చిన్న ముద్ద," అన్నది పిల్ల, నా దిక్కు చూడకుంటనే.