చిన్న తల సిద్ధాంతం

మా ఊరు దులూత్‌లో మెచ్చుకోలుకు ఒకే మాట ఉంది: "పర్లేదు". పట్టిన చేపను చూసినా, పెళ్లికూతురిని చూసినా, మూడేళ్లు శ్రమపడి కట్టిన పడవను చూసినా ఇక్కడివాళ్లు అంతకు మించి అనరు. సోల్వే ఆరేళ్లుగా ఎదురుచూస్తున్నది ఆ ఒక్క మాట కోసమే. అనవలసినవాడు మా బృందానికి పెద్ద, రోలీ. జనవరిలో ఆ శనివారం ఉదయం ఆమె రోలీ గరాజ్‌లోకి వచ్చేసరికి ఒక చంకలో తాను చేసిన హెల్మెట్, మరో చేతిలో రంపం ఉన్నాయి.

"గీత నువ్వే గియ్యి రోలీ. కోసేది నేనే కోసుకుంటా," అంది.

మేం ఆరుగురం. మా చిన్నతనంలో ఈ ఊరి టీవీ స్టేషన్ పిల్లల కోసం 'చంద్రుడి మీద దీపస్తంభం' అనే ధారావాహిక తీసింది. చంద్రుడి మీద ఒంటరిగా ఉండే కాపలాదారు, దారితప్పిన ఓడలకు దీపం చూపిస్తుంటాడు. గాలి లేనిచోట దీపపు కిరణం అలా పొగమంచులో సాగినట్టు కనబడదని పదేళ్ల వయసులో నేను స్టేషన్‌కు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. అయినా ఒక్క వారం కూడా చూడటం మానలేదు. తరువాత ఆ టేపులు చెరిపేశారు. వాడిన సామగ్రి చెత్తలో కలిసింది. మిగిలినవి పదకొండు ఫొటోలు. వాటిని చూసి ఆ కాపలాదారు లాంతరు, చేతి తొడుగులు, నడికట్టు, బూట్లు మా ఇళ్లలో మేమే తయారుచేసుకుంటాం. ముసలితనానికి ఇంతకంటె హాని లేని వ్యసనం నాకు తెలియదు.

అతని హెల్మెట్‌కు మాత్రం ఫొటోల అవసరం లేదనుకున్నాం. అసలు అచ్చులోంచి తీసిన పోత ఒకటి రోలీ దగ్గర ఉంది. పన్నెండేళ్ల క్రితం వేరే రాష్ట్రపు వర్తకుడొకడు అమ్మాడు. "అసలు అచ్చు నుంచే" అని ఒక ఉత్తరం కూడా ఇచ్చాడు. మా బృందంలో కొత్తగా చేరినవాళ్లు ముందు ఆ హెల్మెట్‌ను రెండు చేతులతో పట్టుకుని చూడాలి. ఆచారాలంటే నాకు పడదు కాని, నేనూ పట్టుకున్నాను.

పట్టుకోవడమే కాదు, కొలిచాను. ముప్ఫై ఒక్క ఏళ్లు తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరుగా పెట్రోలు బంకులను, కిరాణా త్రాసులను తనిఖీ చేసినవాణ్ణి. తొమ్మిదేళ్ల క్రితం ఆ హెల్మెట్‌ను మిల్లీమీటరులో పదోవంతు వరకు కొలిచి, పన్నెండు కాగితాల పటం గీశాను. కింద 'ఓరిన్' అని నా సంతకం. రోలీ దానికి అద్దాలు బిగించి గరాజ్ గోడకు తగిలించాడు. అందరూ ఆ పటం ప్రకారమే చేస్తారు.

అలా చేసిన హెల్మెట్ ఎవరి తలకూ పట్టదు. కళ్లజోడు తీసి, జుట్టుకు పౌడరు రాసి, చెవులు మడుచుకుని, గడ్డం రొమ్ముకు ఆనించి తోస్తే దిగుతుంది. బయటికి రావడానికి ఇంకొకరి సాయం కావాలి. మాలో డుయేన్ అనేవాడు ఏకంగా గుండు చేయించుకున్నాడు. దీన్ని వివరించడానికి మాలో ఒక సిద్ధాంతం పుట్టింది: కాపలాదారు వేషం వేసిన నటుడిది చిన్న తల. ఎవరు ప్రతిపాదించారో తెలియదు కాని, రెండు మూడేళ్లకే అది నిరూపితమైన విషయమైపోయింది. ఫొటోల్లో అతని తల అందరి తలల్లాగే ఉంది. "కెమెరా అలా చూపిస్తుంది," అనుకున్నాం.

సోల్వే స్కూలు బస్సు నడుపుతుంది. ఉదయపు ట్రిప్పుకూ సాయంత్రపు ట్రిప్పుకూ మధ్య తన వంటింటి బల్ల మీద ఈ పని చేస్తుంది. మా బృందం సంగతి తెలియకముందే ఫొటోలు చూసి మొదలుపెట్టింది కాబట్టి నా పటం వాడలేదు. ఆమె హెల్మెట్ రోలీదాని కంటె పెద్దది. మార్చిలో ఊరి గ్రంథాలయంలో మా ప్రదర్శన ఉంది. ముందు వరస అద్దాల పెట్టెలోకి పటానికి సరిపోయినవే వెళ్లాలని నియమం. డిసెంబరు సమావేశంలో ఆమెది తిరస్కరించాం. చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను.

"వెనక నిలువుగా ఒక పట్టీ కోసి మళ్లీ అంటిస్తే దగ్గరికొస్తుంది," అన్నాడు రోలీ, పెన్సిలు చెవి మీంచి తీస్తూ. "బస్సు తోలీ తోలీ నీకు అన్నీ వెడల్పే అలవాటైపోయినయ్."

"నా బస్సులో నలభై ఎనిమిది తలకాయలు పడతాయి. నీ దాంట్లో ఒక్కటీ పట్టదు."

"అది నటుడి తల ప్రకారం చేసింది."

"పాపం, ఆ తలతో ఆయన డైలాగులెట్లా గుర్తుపెట్టుకున్నాడో."

డుయేన్ తన గుండు నిమురుకుంటూ నవ్వబోయి, రోలీ ముఖం చూసి మానుకున్నాడు.

సోల్వే గొంతు తగ్గించింది. "నుదుటి మీది ఆ దీపపు గిన్నె చూడండి. అది శాండ్‌బాకెల్ బిస్కెట్లు కాల్చే కప్పు. మా ఇంట్లో ఉన్నదే పెట్టాను. దానికి తగ్గట్టు ఫొటోల ప్రకారం మిగతాదంతా లెక్క కట్టుకున్నా. ఎక్కడ తప్పిందో నాకు తెలీడం లేదు."

"అలాంటిదే, కాని ఇంకొంచెం చిన్న సైజు," అన్నాడు డుయేన్. "తొమ్మిదేళ్ల నుంచి వెతుకుతున్నా. పాతసామాన్ల కొట్లలో రెండు వందల కప్పులు కొలిచుంటా. ఆ సైజు దొరకలా."

"దొరుకుతుందిలే," అన్నాడు రోలీ, గీత గీస్తూ.

సోల్వే హెల్మెట్‌ను బల్లకు బిగించింది. రంపం గీత మీద ఆనించి, ఒకసారి ఊపిరి పీల్చుకుంది. ఆరేళ్ల పని. ఒకసారి కోశాక అతుకు కనబడకుండా చేయడం ఎవరి తరమూ కాదని ఆ గరాజ్‌లో అందరికీ తెలుసు.

అప్పుడే రోలీ భార్య మార్లిస్ కాఫీ, ఒక పళ్లెం పట్టుకుని లోపలికొచ్చింది. "క్రిస్మస్‌వి మిగిలినయ్. మీరు తినకపోతే ఉడతలకేస్తా. ముందు ఆ రంపం పక్కన పెట్టమ్మా, చేతులు చల్లబడి ఉంటయ్."

అవి శాండ్‌బాకెల్ బిస్కెట్లు. అంచు చుట్టూ మడతలున్న చిన్న అల్యూమినియం కప్పుల్లో పిండి నొక్కి కాలుస్తారు. బోర్లిస్తే కప్పు ఆకారమే బిస్కెట్‌కు వస్తుంది. నేనొకటి తీసుకుని నోటిదాకా తెచ్చి ఆగాను. అంచున ఒక మడత నలిగి పక్కకు వంగి ఉంది. ఇంకొకటి తీశాను. అదే వంకర. మూడోదానికీ అదే.

ఆ వంకర నాకు పరిచయమే. లేచి గోడ దగ్గరకు వెళ్లాను. నా పటంలో నాలుగో కాగితం, దీపపు గిన్నె. నా చేతిరాతలోనే ఉంది: 'మడతలు ఇరవై మూడు. ఒకటి వంకర, పోత లోపం.'

"మార్లిస్, ఈ కప్పులు ఎక్కడివి?"

"మా అమ్మవి. ఈ ఊళ్లో అందరివీ ఇవే. అప్పట్లో సామాన్ల కొట్టువాడు ఒకే రకం తెప్పించేవాడు. ఒకటే సైజు. ఆ వంకర అన్నిటికీ ఉంటది."

"సోల్వే, పది నిమిషాలు కొయ్యొద్దు."

"ఏమైందోయ్ ఓరిన్?" అన్నాడు రోలీ, సాక్ష్యాధారంలో సగం కొరికి.

"ఆ బిస్కెట్లు తినకు. లెక్కపెట్టాలి."

మార్లిస్ వంటింట్లోంచి కప్పు తెచ్చింది. వెర్నియర్ కాలిపర్స్ నా కోటు జేబులో ఎప్పుడూ ఉంటుంది. ముందు మడతలు లెక్కపెట్టాను: ఇరవై మూడు. రోలీ హెల్మెట్ మీదివి: ఇరవై మూడు, వంకరతో సహా. తరువాత వెడల్పు. కప్పు డెబ్భై ఒకటి పాయింటు నాలుగు మిల్లీమీటర్లు. రోలీ హెల్మెట్ మీది పోత అరవై ఏడు పాయింటు ఎనిమిది. రెండుసార్లు కొలిచాను. డుయేన్ చేత మూడోసారి కొలిపించాను.

ఇక చెప్పవలసింది నేను. రోలీతో నా స్నేహం ముప్ఫై ఏళ్లది.

"పోత ఆరేటప్పుడు పిసరంత కుంచించుకుంటుంది. వందకు ఒకటో, ఒకటిన్నరో. ఆ పోత మీద మళ్లీ అచ్చు తీసి, అందులో ఇంకోటి పోస్తే ఇంకొంచెం. కొలత తగ్గుతుంది రోలీ, లెక్క తగ్గదు. ఇరవై మూడు మడతలు ఇరవై మూడుగానే ఉంటాయి. ఆ వంకరా అలాగే ఉంటుంది. నీది వందకు ఐదు తగ్గింది. అంటే అసలుది కాదు. నకలుకు నకలు, దానికి ఇంకో నకలు. మూడో తరమో, నాలుగో తరమో."

"ఉత్తరం ఉంది," అన్నాడు రోలీ.

"ఉత్తరం కుంచించుకోదు. అందుకే దాన్ని నమ్మాం."

"తొమ్మిదేళ్ల క్రితం కొలిచింది నువ్వేగా?"

"నేనే. పదోవంతు మిల్లీమీటరు వరకు కరెక్టుగా కొలిచా. కొలుస్తున్నది ఏమిటో మాత్రం అడగలేదు. కిరాణా కొట్టువాడి త్రాసు చూస్తే ముందు దాని రాళ్లు తనిఖీ చేసేవాణ్ణి. స్నేహితుడి హెల్మెట్ కదాని వదిలేశా. తప్పు నాది."

డుయేన్ కప్పును చేతిలో తిప్పుతూ, "తొమ్మిదేళ్లు లేని దానికోసం వెతికానన్నమాట," అన్నాడు. తల తడుముకుని, "గుండు కూడా," అన్నాడు.

రోలీ కప్పు అందుకున్నాడు. తన హెల్మెట్ నుదుటి మీది పోత పక్కన పెట్టి చాలాసేపు చూశాడు. అతను ఏమంటాడోనని సోల్వే చూస్తున్నది. ఆమె చెయ్యి ఇంకా రంపం మీదే ఉంది.

"ఇరవై అడుగుల దూరంలో అలమరలో ఉంది," అన్నాడు చివరికి. "ఏటా వీటిలో చేసినవి తింటూనే ఉన్నా."

"ఒక్క ఏడైనా కప్పులు నువ్వు తోమి ఉంటే ఎప్పుడో తెలిసేది," అంది మార్లిస్.

రోలీ కింద పెదవి కొరుక్కున్నాడు. అది నవ్వుకు ముందో, కోపానికి ముందో ముప్ఫై ఏళ్లు చూసిన నాకు కూడా తెలియలేదు. "మునిమనవడన్నమాట మా వాడు," అన్నాడు హెల్మెట్ తట్టి. "అయినా మా వాడేగా. ఆ పక్కన పెట్టండి."

తరువాత సోల్వే వైపు తిరిగాడు. "బిగింపు వదులు చెయ్యి."

ఈలోగా నేను లెక్క కట్టాను. న్యాయం ఒకవైపే చేయడం నాకు చేతకాదు. "సోల్వే, రోలీదాని ఎత్తును ఐదు శాతం లెక్కన సరిచేస్తే అసలుది ముప్ఫై ఒకటి పాయింటు సున్నా అయిదు సెంటీమీటర్లు ఉండాలి. నీది ముప్ఫై ఒకటి పాయింటు నాలుగు. మూడున్నర మిల్లీమీటర్లు ఎక్కువ చేశావు."

"ఎక్కడ?" అంది వెంటనే. ఆ గొంతులో నొచ్చుకోవడం లేదు. "మెడ అంచు దగ్గరేనా? నాకక్కడ ముందు నుంచీ అనుమానమే." రంపం కింద పెట్టి, సంచిలోంచి గరుకు కాగితం తీసింది.

"ఆగు, అరగదీసే ముందు ఒక్కసారి ఇటివ్వు," అన్నాడు రోలీ.

హెల్మెట్ తీసుకున్నాడు. పౌడరు డబ్బా కోసం చెయ్యి అలవాటుగా అలమర మీదికి వెళ్లి, అక్కడే ఆగి, వెనక్కి వచ్చింది. కళ్లజోడు తీయలేదు. చెవులు మడవలేదు. నిటారుగా నిలబడి, టోపీ పెట్టుకున్నట్టు పెట్టుకున్నాడు. అది దానంతటదే భుజాల మీదికి దిగింది.

ఆ తరువాత తల నెమ్మదిగా కుడికి తిరిగింది, ఎడమకు తిరిగింది. మా బృందంలో హెల్మెట్ లోపల తల తిప్పగలిగిన మొదటివాడు రోలీయే. నుదుటి మీద అల్యూమినియం కప్పు కిటికీ వెలుతురుకు మెరిసింది. ఆ క్షణాన పదకొండు ఫొటోల్లోని మనిషి మా ఎదుట నిలబడ్డాడని ఎవరైనా అంటే, ఆధారాలు అడిగే ఓపిక నాకూ లేకపోయింది.

"మార్లిస్," అన్నాడు లోపలి నుంచి. "నువ్వు కనపడుతున్నావు. కళ్లజోడుతో."

"ఇన్నాళ్లూ ఎవర్ననుకున్నావు?" అందామె.

నేను గోడ మీది పటం దింపి, అద్దం విప్పి, మొదటి కాగితాన్ని బల్ల మీద వెనక్కి తిప్పాను. వెనకవైపు ఖాళీగా ఉంది. డుయేన్ పెన్సిలు చెక్కి ఇచ్చాడు. సోల్వే కదలలేదు, గరుకు కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, చంద్రుడి కాపలాదారును చూస్తూ నిలబడి ఉంది.

హెల్మెట్ ఆమె వైపు తిరిగింది.

"పర్లేదు," అన్నాడు రోలీ.