జిగట కాదు, జీవి

నేను ఒక నీటికెమెరాని. ఉన్నమాట చెప్పుకోవడానికి సిగ్గెందుకు? సముద్రంలో నీటివాలున తేలిపోయే ప్లవకాలను, ఆవగింజంత జీవుల్ని సైతం, వాటి ఇంట్లోనే ఫొటో తీయడంలో నాకు నేనే సాటి. చెన్నైలో ఒక చిన్న వర్క్‌షాపులో పుట్టాను. విశాఖలోని పరిశోధనశాలకి వచ్చిన రోజున నాకు దండేసి, రిబ్బను కత్తిరించి, చప్పట్లు కొట్టి, తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేశారు. తడిస్తే పాడైపోతానని భయమట! నీటికెమెరాని!

చివరికి నన్ను బయటికి తీసింది అక్కడ పనిచేసే హైమవతి. వలలకి అంటుకుని వచ్చే జిగట ఉంది చూశారూ, అది ఉత్త జిగట కాదనీ, ఒక జీవి తాలూకు చితికిన ఒళ్లనీ ఆవిడ వాదన. డైరెక్టరు వింటేనా? "ఇవాళ ఒక్క ఫొటో తెండి. లేకపోతే రేపటినుంచి ఈ పని కట్టిపెట్టండి" అనేశాడు.

భీమిలి నుంచి గరికిన ఎల్లాజీ అనే జాలరి బోటు మీద బయల్దేరాం. నన్ను తాడుకట్టి నీళ్లలోకి దించారు. నేను తీసే బొమ్మలు తీగ గుండా పైన కంప్యూటర్లో పడుతున్నాయి. మొదటి బొమ్మ చూస్తూనే హైమవతి ఎగిరి గంతేసింది. నల్లగా, గుండ్రంగా ఏదో ఉంది! రెండోదాంట్లోనూ ఉంది. ఆ తర్వాతదాంట్లోనూ అదే, అక్కడే, ఇసుమంతైనా కదలకుండా. పాపం, ఆవిడ మొహం పాలిపోయింది.

పైకి లాగి చూస్తే నా కంటి అద్దం నడిమధ్యన నూనెలో తడిపిన కుంకుమబొట్టు!

"ఇదెవరు పెట్టారండీ?"

"మా ఇంటిదేనమ్మా" అని నసిగాడు ఎల్లాజీ. "కొత్త సామాను బోడిమొహంతో గంగమ్మలోకి ఎలాగ దింపుతాం? నున్నగుంది గదా, అదే నుదురనుకుంది."

హైమవతికి కోపం రావాల్సింది పోయి నవ్వొచ్చింది. నవ్వుతుంటేనే కళ్లనీళ్లు తిరిగాయి. పొద్దు వాలుతోంది మరి. చున్నీతో నా కన్ను శుభ్రంగా తుడిచి మళ్లీ దించింది.

ఈసారి వచ్చింది. గాజుపూసల దండలాగా, పొడుగ్గా, ముడుచుకుంటూ విచ్చుకుంటూ నా ఎదుటినుంచి తాపీగా పోతోంది. అబ్బ, ఏం అందం! నేను రెప్ప వేస్తే ఒట్టు.

"అమ్మగోరూ, మా వలలకి అంటుకునే జిగటేనా ఇది?"

"అదేనండీ, అదే!"

అంతలో డైరెక్టరు ఫోను. "ఏమైనా దొరికిందా? పొడవెంత? ఏ జాతి?"

ఏళ్ల తరబడి దాని శవాల్నే సీసాల్లో చూస్తూ వచ్చిన మనిషి ఆవిడ.

"ఈదుతోంది సార్" అంది హైమవతి వెక్కుతూ. "ఈదుతోంది."