జాతరకు దిగిన ఇల్లు

ఎమ్మిగనూరు జాతరంటే సర్దార్‌బీ పిల్లలకు సగమే తెలుసు. పొద్దున ఆదోనిలో బస్సెక్కి పోయి, ఎండలో ఎగ్జిబిషన్ మైదానమంతా తిరిగి, బొరుగులూ జిలేబీ తిని, దీపాలు పెట్టేవేళకు మళ్లా బస్టాండుకు పరిగెత్తేవాళ్లు. రంగులరాట్నం మీద బల్బులు వెలిగేది అప్పుడే. సర్కస్ డేరా కాడ బ్యాండు మొదలయ్యేదీ అప్పుడే. చిన్నోడు దస్తగిరి వెనక్కి తిరిగి చూసుకుంటా, ఏడ్చుకుంటా నడిచేవాడు. "ఉండేదానికి మనకు ఈడ ఎవురున్నార్రా?" అని సర్దార్‌బీ వాని రెక్క పట్టుకోని లాక్కొచ్చేది.

డెబ్బై ఎనిమిదిలో మాత్రం ఆమె మొగుడు మాబు సాబ్ ఇల్లు చూసినాడు.

వాళ్లు దూదేకులోళ్లు. ఆదోనిలో పత్తి మార్కెట్‌కు పోయే దోవలో పరుపుల అంగడి. ముందర అంగడి, వెనక ఇల్లు. దూదికి ఆదోనిలో కరువు లేదు గానీ, పరుపుగుడ్డకు ఎమ్మిగనూరు మగ్గాల కాడికి పోవాల. మాబు సాబ్ వారంవారం పోయేవాడు. గుడ్డ ఇంకా మగ్గం మీదనుంచి దిగలేదని ఒక్కోసారి రాత్రికి ఆడనే నిలిచిపోయేవాడు. సర్దార్‌బీ అంగడి చూసుకునేది. దూది ఏకడం, పరుపు కుట్టడం ఆమెకు పుట్టింట్లోనే వచ్చు.

"ఈసారి నాలుగు దినాలుందాం" అన్నాడు మాబు సాబ్, అన్నం తింటా. పిల్లలు తినేది ఆపినారు. "మొదటి దినం తేరు చూద్దాం. మర్నాడు రాట్నం, బావిలో మోటారు సైకిల్ తోలేది. మూడోనాటికి పిల్లోళ్లు అలిసిపోయింటారు, మధ్యాహ్నందాకా ఇంట్లోనే పండుకోనీ. పొద్దు వాలినాక మళ్లా పోదాం. ఆఖరున సర్కస్. ఇల్లు మైదానానికి రెండు సందుల అవతల. కాళ్లు నొప్పెడితే వచ్చి పండుకోవచ్చు, మళ్లా పోవచ్చు."

ఇంత ముందుచూపుగా ఆయన ఏ పనీ చేసింది లేదు. పెండ్లిండ్లకు గూడా బస్సు కదిలేటప్పుడు వచ్చి ఎక్కే మనిషి. సర్దార్‌బీకి ముచ్చటైంది.

"ఎవురిల్లు అది?" అని అడిగింది.

"గుడ్డ నేసిచ్చే వహీదా బీది. మొగుడు పోయినాడు. ఒక బిడ్డ. మనోళ్లే."

ఆమె ఇంకేమీ అడగలేదు. రొట్టెలు ఎన్ని మూట కట్టుకోవాల, చలికి దుప్పట్లు అన్నీ తీసుకుపోవాల్నా అని ఆలోచన చేసింది. కూతురు కాశింబీకి పదేండ్లు. తమ్ముడు ఏ దినం ఏం చూడాలో మర్చిపోతే ఆ పిల్లే అప్పజెప్పేది.

ఎమ్మిగనూరులో వహీదా బీ ఇల్లు మగ్గాలోళ్ల సందులో ఉంది. మట్టి మిద్దె, గడప పైన దూలం బాగా కిందికి. ముందు పోయిన దస్తగిరికి ఏం కాలేదు. సర్దార్‌బీ నెత్తిన మూట దూలానికి తగులుకుని వెనక్కి వాలింది. ఆమె తల వంచి, మూట సర్దుకుని, మొగుణ్ణి హెచ్చరిద్దామని తిరిగింది. మాబు సాబ్ పొడుగు మనిషి. యాడికి పోయినా ఒక దూలానికి తల కొట్టుకోవడం ఆయనకు అలవాటు. ఆయన సందులోకి చూసి ఎవురితోనో మాట్లాడతానే, అటు తిరిగే ఉండి, తల కావలసినంత వంచి లోపలికి వచ్చేసినాడు.

లోపల మగ్గం పక్కన రెండేండ్ల పాప కూర్చోనుంది. మాబు సాబ్‌ను చూసి లేచి వచ్చి, మాటా పలుకూ లేకుండా ఆయన అంగీ ఎడమ జేబులో చెయ్యి పెట్టింది. పిప్పరమెంటు తీసుకుని పోయి మళ్లా మగ్గం పక్కనే కూర్చుంది.

సర్దార్‌బీకి అప్పుడే తెలిసిపోయింది.

గుండె జల్లుమంటుందని, కాళ్ల కింద భూమి కదులుతుందని ఇట్లాంటివి జరిగిన ఆడోళ్లు చెప్పంగా ఆమె వినింది. అట్లాంటిదేమీ కాలేదు. చలికాలం తొట్టి నీళ్లలో చెయ్యి పెడితే కొంచేపటికి చెయ్యి ఉండీ లేనట్టు అయితుంది గదా, అట్లైంది లోపలంతా. మూట దించింది. రొట్టెలు విప్పి గాలికి పెట్టింది. వహీదా బీ నీళ్ల చెంబు ఇచ్చింది. ముప్పై దాటని మనిషి, సన్నగా, మగ్గం తొక్కి తొక్కి పాదాలు పగిలి ఉన్నాయి. సర్దార్‌బీ చెంబు అందుకుని తాగింది.

"చిన్నమ్మా అనండి" అన్నాడు మాబు సాబ్ పిల్లలతో. వాళ్లు అన్నారు. అమ్మ చెల్లెలయినా, నాయన ఇంకో పెండ్లామయినా పిలిచేది ఆ మాటతోనే. దస్తగిరికి అదంతా ఎందుకు. వాడు అప్పుడే సందులోకి ఉరికి, రాట్నం కొస కనపడతాందని కేకేసినాడు.

ఆ సాయంత్రం తేరు చూసినారు. జనం సముద్రంలా ఉన్నారు. మోకులు లాగేవాళ్ల అరుపులు, తేరు మీదికి విసిరే అరటిపండ్లు, దుమ్ము. దస్తగిరి నాయన భుజం మీద ఎక్కి కూర్చున్నాడు. సర్దార్‌బీ కాశింబీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. తేరు తమ ముందర నుంచి పోయింది, పోయినాక చాలాసేపటికి గానీ అది పోయిందని ఆమెకు తెలీలేదు. "అమ్మా, చెయ్యి నొస్తాంది" అంటే వదిలింది.

మర్నాడు రాట్నం కాడ మాబు సాబ్ జేబులు తడుముకుని, "మీరు ఎక్కండి. గుడ్డ సంగతి చూసుకోని వస్తా" అని వెళ్లిపోయినాడు. అప్పుడు సర్దార్‌బీకి ఆ నాలుగు దినాల ఏర్పాటు ఎందుకో అర్థమైంది. ప్రతి దినంలోనూ ఒక సందు పెట్టినాడు, తాను ఇంటికి పోయి రావడానికి. పిల్లలు రాట్నం మీద ఉన్నప్పుడు ఒకటి, మోటారు సైకిల్ బావి కాడ ఒకటి. ఇల్లు దగ్గరుండేది పిల్లల కాళ్లకోసమే కాదు. మోసం చేసినాడనే మాట కంటే, ఎంత కష్టపడి ఆలోచించినాడో అనేదే ఆమె మనసులో తిరిగింది. పాపం, దుప్పట్లు ఎన్ని కావాలో మాత్రం ఆయనకు తోచలేదు, అది ఆమే చూసుకుంది.

పిల్లలతో రాట్నం ఎక్కింది. పైకి పోయేటప్పుడు కాశింబీ కండ్లు మూసుకుని ఆమె కొంగు కరుచుకుంది. దస్తగిరి కేకలు పెట్టినాడు. పక్క పెట్టెలో ఎవురో ముసలామె "నీలకంఠా, నీలకంఠా" అనుకుంటాంది. రాట్నం దిగేటప్పుడు పొట్టలో పేగులు పైకొచ్చినట్టుంటుందని అందరూ చెప్తారు. సర్దార్‌బీకి ఏం తెలీలేదు. కూర్చున్నట్టే కూర్చుంది, దిగమంటే దిగింది.

"మళ్లా ఎక్కుదామా?" అన్నాడు దస్తగిరి.

"ఎక్కుదాం" అనింది. ఎప్పుడూ అట్ల ఒప్పుకునే తల్లి కాదు. వాడు మూడుసార్లు ఎక్కినాడు.

మూడోనాడు మధ్యాహ్నం పిల్లలు పండుకున్నారు. మాబు సాబ్ కూడా మగ్గం గుంట పక్కన చాప మీద నిద్రపోయినాడు. పాప ఆయన కాలు మీద తల పెట్టుకోనుంది. ఆడోళ్లిద్దరూ వెనక పొయ్యి కాడ రొట్టెలు చేస్తాండారు. వహీదా బీ తడుతాంది, సర్దార్‌బీ పెనం మీద కాలుస్తాంది. ఇద్దరి చేతులూ ఒకదానికొకటి అలవాటు పడిపోయినాయి. ఒకామె అందిస్తే ఇంకొకామె అందుకుంటాంది.

"అక్కా" అనింది వహీదా బీ పిండి చూస్తా. "నీకు సెప్పినాడా?"

"లేదు."

"నాకు మాట ఇచ్చినాడు. ఆఖరిదినం, సర్కస్ అయినాక సెప్తానన్నాడు. పిల్లోళ్లు సంతోషంగా ఉంటారు, ఆమె గూడా మెత్తగా ఉంటాదని..." ఆ మాట తనకే నచ్చనట్టు ఆగిపోయింది. "నేను వద్దన్నా అక్కా. ముందే ఆదోనిలోనే సెప్పి తీసుకోని రా అన్నా. మూడేండ్ల నుంచి అంటానే ఉండా."

"రొట్టె తట్టు" అనింది సర్దార్‌బీ.

వహీదా బీ తట్టింది. కొంచేపటికి మళ్లా, "నన్ను ఏమన్నా అను" అనింది.

సర్దార్‌బీ నిజంగానే వెతికింది. అనడానికి ఏమన్నా దొరుకుతుందేమోనని, పెట్టె అడుగుదాకా గుడ్డలన్నీ తీసి చూసినట్టు చూసుకుంది. ఏమీ దొరకలేదు. ఈ మనిషి మొగుడు పోయి, బిడ్డ కాకముందు ఒంటరిగా ఈ సందులో మగ్గం తొక్కుకుంటా ఉండేది. మాబు సాబ్ గుడ్డకని వచ్చినాడు. అంతే గదా. తాను వారంవారం అంగడి తెరిచి, ఆయన బస్సుకు సద్ది కట్టి పంపింది.

"రొట్టె మాడుతాండాది అక్కా" అనింది వహీదా బీ.

సర్దార్‌బీ రొట్టె తిప్పింది. అంచు నల్లగైంది. ఆ రొట్టె తనే తినింది.

ఆఖరినాడు సర్కస్‌కు అందరూ పోయినారు. వహీదా బీ రానంటే కాశింబీయే, "రా చిన్నమ్మా, సింహం ఉంటాదంట" అని చెయ్యి పట్టుకుని లేపింది. మైదానంలో ఫోటోలు తీసే డేరా ఒకటుంది. గుడ్డ మీద విమానం గీసి, కిటికీల కాడ రంధ్రాలు పెట్టినారు. దస్తగిరి దాని ముందునుంచి కదలనని మొండికేసినాడు. ఫోటో తీసేవాడు పిల్లలను కిటికీలలో నిలబెట్టి, మాబు సాబ్‌ను తలుపు కాడ నిలబెట్టి, ఆడోళ్ల వైపు చూసినాడు.

"అక్కచెల్లెండ్లా అమ్మా? దగ్గరకు జరగండి."

మాబు సాబ్ నేల చూపులు చూసినాడు. వహీదా బీ పాప ముఖం తుడవడం మొదలుపెట్టింది.

"ఊఁ" అనింది సర్దార్‌బీ, జరిగింది.

సర్కస్‌లో ఉయ్యాలల మీద ఒక పిల్ల గాల్లో ఎగిరి ఇంకొకాయన చేతులు అందుకుంది. డేరా అంతా ఊపిరి బిగబట్టింది. పాప సర్దార్‌బీ ఒడిలోకి ఎప్పుడు వచ్చి పడిందో, నిద్రపోయింది. ఒళ్లు వెచ్చగా, బరువుగా ఉంది. దించి పక్కన పెట్టాలనీ అనిపించలేదు, ఉంచుకోవాలనీ అనిపించలేదు. ఆట అయిందాకా అట్లనే ఉంచుకుంది.

బయటికి వచ్చినాక మాబు సాబ్ వాళ్లను బజ్జీల బండి కాడ నిలబెట్టి, సర్దార్‌బీని కొంచెం పక్కకు పిలిచినాడు. జెనరేటర్ చప్పుడులో మాట సరిగా వినపడటం లేదు.

"నీకొక మాట సెప్పాల."

"తెలుసు."

"వహీదా సెప్పిందా?"

"కాదు. వచ్చిన దినమే తెలుసు. గడప కాడ."

ఆయనకు అర్థం కాలేదు. గడపకూ దీనికీ ఏం సంబంధమని ఆమె ముఖం చూసినాడు. ఆమె విడమరచలేదు. ఆయన కండ్లలో నీళ్లు తిరిగినాయి. నాలుగు దినాలుగా మోసుకుని తిరిగిన మాటలన్నీ ఒక్కసారిగా చెప్పబోయినాడు, నిక్కా ఏ ఊర్లో అయింది, ఎవురెవురు సాక్షి, నిన్ను తక్కువ చేయను అని. ఆమె విన్నది. జెనరేటర్ చప్పుడుకు కొన్ని మాటలు పోయినాయి. అడిగి మళ్లా చెప్పించుకోలేదు.

"పొద్దున మొదటి బస్సు ఎప్పుడు?" అనింది.

"నేనూ వస్తా."

"నువ్వు గుడ్డ చూసుకోని రా."

మర్నాడు పిల్లలతో బస్సెక్కింది. దస్తగిరి కిటికీలోనుంచి రాట్నం కనపడినంతసేపూ చూసినాడు. ఈసారి ఏడవలేదు, కడుపునిండా చూసినాడు గదా.

ఆదోనిలో ఇరుగుపొరుగు వచ్చినారు. ఎట్ల తెలిసిందో అందరికీ తెలిసింది. సర్దార్‌బీ తమ్ముడు చోటే సాబ్ కౌతాళం నుంచి కర్ర పట్టుకుని వచ్చినాడు, నలుగురిని కూర్చోబెడదామన్నాడు. "అన్నం తిని పో" అని పంపించింది. మాబు సాబ్ వచ్చినాడు, వారంలో సగం ఈడ, సగం ఆడ అయినాడు. వాళ్లు పోట్లాడుకోలేదు. ఆయన వచ్చిన దినం కూర కొంచెం ఎక్కువ చేసేది, అంతే. పగలంతా దూది ఏకుతా కూర్చునేది. ఏడుపు వస్తుందని ఎదురుచూసింది గూడా. నెలలు గడిచినాయి, పండగ వచ్చింది, పోయింది, అది రాలేదు.

మరుసటేడు జాతర వచ్చింది. పిల్లలు ఎగిరినారు. ఉండటానికి ఇల్లుంది, మైదానానికి దగ్గర. మాబు సాబ్ ఆమెను చూసినాడు. ఆమె పిల్లల గుడ్డలు సంచిలో సర్దింది, పాపకని కొనిపెట్టిన ఊలు టోపీ ఒకటి పైన పెట్టింది. "పోయి రండి. నాకు అంగడుంది" అనింది. నాలుగు దినాల తర్వాత వచ్చి దస్తగిరి అన్నీ చెప్పినాడు. కాశింబీ చెప్పలేదు. తమ్ముడు ఏమన్నా మర్చిపోయినా అందించలేదు.

ఎనభై మొదలయ్యేటప్పటికి ఆ పిల్లకు పన్నెండేండ్లు. జాతరకు పోయే పొద్దున దస్తగిరి చెప్పులు తొడుక్కుని, సంచి పట్టుకుని నాయన పక్కన నిలబడినాడు. కాశింబీ అంగడిలో పరుపు కాడ కూర్చునుంది.

"లెయ్యి మే, బస్సు పోతాది" అన్నాడు మాబు సాబ్.

"నేను రాను."

"ఎందుకు?"

ఆ పిల్ల తల్లి వైపు చూసింది. ఆ చూపుతో సర్దార్‌బీకి తెలిసింది, బిడ్డకు అంతా తెలుసని, ఎప్పటినుంచో తెలుసని. రాట్నం మీద కొంగు కరుచుకున్న ఆ దినమే తెలుసేమో. ఎవరూ చెప్పకుండానే తెలుసుకుని, ఎవరికీ చెప్పకుండానే మోసింది.

"పో కాశీ" అనింది సర్దార్‌బీ. "ఆడ ఇల్లుంది గదా. చిన్నమ్మ నిన్ను బాగా చూసుకుంటాది."

"చూసుకుంటాది" అనింది కాశింబీ. "నేను ఈడనే ఉంటా."

మాబు సాబ్ కొడుకును తీసుకుని పోయినాడు. దస్తగిరి సందు తిరిగేటప్పుడు చెయ్యి ఊపినాడు. బండ్లు మార్కెట్‌కు పోతాండాయి, అంగడి ముందంతా పత్తి పోగులు ఎగురుతాండాయి.

సర్దార్‌బీ వచ్చి పరుపుకు ఇంకోవైపు కూర్చుంది. కాశింబీ అంచు కుడతాంది. కుట్లు అడ్డదిడ్డంగా ఉన్నాయి, ఒకటి దగ్గర, ఒకటి దూరం.

"ఇట్లైతే నెల తిరగకముందే దూది బయటికొస్తాది" అనింది సర్దార్‌బీ. గొంతు ఎందుకో తనకే గట్టిగా వినపడింది. చాలా దినాల తర్వాత కోపం వచ్చింది, ఇంత చిన్నదానికి. దారం కొరికి, కుట్లన్నీ విప్పేసింది. "మొదటి నుంచి కుట్టు" అని సూది బిడ్డ చేతిలో పెట్టి, గుడ్డ అంచు తాను బిగించి పట్టుకుంది.