అసిరితల్లి ఇంటికి అడ్మిషన్

ఉదయం పది గంటలకు అసిరితల్లి ఇల్లు ఆడవాళ్ల ఎముకల వార్డులోకి వచ్చి నా బల్ల ముందు నిలబడుతుంది. కొండవాలు మీది ఇల్లు. ఒకటే గది, ముందు పదకొండు మెట్లు. అది పట్టడానికి వార్డు పన్నెండు మూరలు సాగుతుంది. కొత్తగా వచ్చిన నేలను ఆయా తుడిచేస్తుంది.

"అసిరితల్లిని తీసుకెల్లడానికొచ్చినానండి," అంటుంది ఇల్లు.

"కూర్చో. ముందు నిన్ను చూడాలి," అంటాను.

ఈ రోజు నుంచి డిశ్చార్జీలు నర్సులు చెప్పినట్టు జరుగుతాయి. నిన్న మీటింగులో పద్దెనిమిది మంది నర్సులం దానికి ఓటేస్తూ చేతులెత్తాం. సూపరింటెండెంటు ఒప్పుకున్నారు గానీ చేతులకే ఇంకా నమ్మకం కుదరలేదు, దిగడం లేదు. అందరం ఒంటి చేత్తో పని చేస్తున్నాం.

ఇన్నాళ్లూ మమ్మల్ని అడిగిందెవరు? డాక్టరుకు ఎముక తెలుసు. అది ఏ మెట్టు మీద విరిగిందో నర్సుకు తెలుసు. మంచం కావాలంటారు, ఆఖరి బస్సు పోయాక మనిషిని బయటికి తోస్తారు. అసిరితల్లిని అలా రెండుసార్లు పంపాం. రెండుసార్లూ ఆ మెట్ల మీదే పడి తిరిగొచ్చింది. మూడోసారి పడితే ఇక లేవదు.

"ఒలమ్మ, దాన్ని తిట్టకండి సిస్టరమ్మా," మంచం మీంచి అరుస్తుంది అసిరితల్లి. "మంచిదే. నిటారెక్కువ, అంతే."

ఇల్లు సిగ్గుపడి పెంకులు దించుకుంటుంది.

కేస్ షీట్ రాస్తాను. పేరు: ఇల్లు. వయసు: నలభై. జబ్బు: మెట్లు. పక్క మంచం ఇస్తాను. విరిగిన కాలికి కట్టినట్టే మెట్లకు తాళ్లు కట్టి, కప్పీ మీదుగా ఇసక సంచులు వేలాడదీస్తాం.

డాక్టర్ సన్యాసిరావు రౌండ్స్‌కు వచ్చి గోడకు స్టెతస్కోపు ఆనిస్తారు.

"లోపల ఎవరో పప్పు తాలింపేస్తున్నారు సిస్టర్."

"నార్మలే సార్."

"పదకొండింటికి మంచం ఖాళీ కావాలి."

"మెట్లు పోయాక సార్. అంతకుముందు పంపితే మామ్మ మళ్లీ మీ దగ్గరికే వస్తుంది."

ఆయన ఒక ఇసక సంచిని చేత్తో ఎత్తి బరువు చూస్తారు. "అయితే ఇంకో సంచి వెయ్యండి," అంటారు.

మధ్యాహ్నానికి మెట్లన్నీ సాగి ఒకటే వాలుగా పడుకుంటాయి. "హాయిగుందండీ," అని ఇల్లు తలుపు తెరిచి ఆవలిస్తుంది. అసిరితల్లి వాకర్ పట్టుకుని గడప దాకా ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కుతుంది.

"ఈ వయసులో నాకు జారుడుబల్లేటమ్మా!"

డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టి గుమ్మం దాకా తీసుకెళతాను. అక్కడ ఆమె ఆగిపోతుంది. ఆసుపత్రికి ముందు పద్నాలుగు మెట్లు. ఏ పక్కనా వాలు లేదు.

"నా ఇంటికి నయం చేసినారు. మరి మీ దాని సంగతేటి?"

తొమ్మిదేళ్లుగా రోజూ ఎక్కి దిగుతున్నాను. నా కంటికే ఆనలేదు.

"ఉండు మామ్మా," అని దిగి, ఆసుపత్రి స్తంభం మీద వేలు పెడతాను. నాడి నిమిషానికి నాలుగు వందలు.

"భయపడకు," అంటాను. "నాలుక చాపు."

పెద్ద తలుపులు బార్లా తెరుచుకుంటాయి. ఓపీ వరండా గులాబీ రంగులో, తడిగా, మెల్లగా బయటికి వస్తుంది. మెట్లను కప్పి, సైకిల్ స్టాండు దాటి, రోడ్డు దాకా పరుచుకుంటుంది. దాని మీద బెంచీలు, బెంచీల మీద చీటీలు పట్టుకుని జనం, ఎవరి వరుస వాళ్లదే.

అసిరితల్లి వాకర్ మోపి చూస్తుంది. జారదు. నడుస్తుంది. వెనకాల ఇల్లు, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకున్నట్టు తన వాలును ఎత్తిపట్టుకుని.

స్టాపులో సిటీ బస్సు ఆమె రావడం చూస్తుంది. ముందు చక్రాలు మడిచి రోడ్డు మీద మోకరిల్లి, ఎవరూ చెప్పకుండానే, తనూ నాలుక చాపుతుంది.